చేదు గొడుగూ నాలుకగారూ

వానలు పడ్డ పది రోజులకి ఆ ఊరి పక్క అడవిలో పుట్టగొడుగులు లేస్తాయి. వాటితోపాటు నాలుకగారి తల కూడా ఒక జానెడు పైకి లేస్తుంది.

ఏడాదిలో మిగతా రోజులన్నీ ఆయన మామూలు మందుల షాపు మనిషే. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, ముక్కు చివర కళ్ళద్దాలు. దగ్గొస్తోందన్నవాళ్ళకి దగ్గు మందిస్తారు, నిద్ర రావట్లేదన్నవాళ్ళకి డాక్టరు చీటీ తెమ్మని చెప్పి పంపేస్తారు. వానాకాలపు ఆదివారాలు మాత్రం వేరు. ఆ రోజు షట్టరు సగం దించి, షాపు ముందు ఒక బల్ల వేసి, దాని మీద తెల్ల కాగితం పరుస్తారు. ఒక చిన్న చాకు, ఒక భూతద్దం, ఉమ్మడానికి ఒక స్టీలు గిన్నె పెట్టుకుని కూర్చుంటారు. అడవిలో గొడుగులు ఏరుకొచ్చినవాళ్ళందరూ బుట్టలతో వరస కడతారు. ఇది తినేది, ఇది తినకూడనిది అని ఆయన వేరు చేసి ఇస్తేనే ఆ ఊళ్ళో ఎవరి ఇంట్లోనైనా గొడుగు పొయ్యెక్కుతుంది.

నాలుకగారన్న పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. అలా పిలవొద్దు బాబూ అని ఆయన అంటూనే ఉండేవారు, ఆ అనడంలో మాత్రం పట్టుదల ఉండేది కాదు. ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే, ఇంకెవర్నో పిలుస్తున్నారనుకుని ఆయన వెనక్కి తిరిగి చూసేవారు.

నిజానికి ఆ పనిలో నాలుకకంటే కళ్ళకే పనెక్కువ. ప్రాణం తీసే జాతుల్ని ఆయన కంటితోనే పట్టేసేవారు. గొడుగు కింద తెల్లటి రేకులు, కాడ చుట్టూ గాజు తొడిగినట్టు అంచు, కాడ అడుగున చిన్న సంచీ కనిపిస్తే చాలు, బుట్టకి బుట్ట గోతిలో పారబోయించి, తెచ్చినవాళ్ళ చేత సబ్బుతో చేతులు కడిగించేవారు. అవి నాలుక దాకా రానే రావు. నాలుకతో పని పడేది ఒకే ఒక్కదానితో, అదే చేదు గొడుగు.

ఆ అడవిలో ఊరందరికీ ఇష్టమైన గొడుగు ఒకటుంది, బన్ను గొడుగంటారు. పైన బేకరీ బన్నులా గోధుమరంగులో ఉబ్బెత్తుగా ఉంటుంది, కింద రేకులకు బదులు స్పాంజిలా మెత్తగా ఉంటుంది, కూర వండితే ఒక ముక్క కూడా మిగలదు. చేదు గొడుగు దానికి వేలు విడిచిన చుట్టం. అదే రంగు, అదే పొట్ట, అదే స్పాంజి. ముదిరితే దాని స్పాంజికి గులాబి రంగు తిరుగుతుంది, కాడ మీద ముదురు గోధుమరంగు వల అల్లినట్టు కనబడుతుంది. బన్ను గొడుగు కాడ మీద వల తెల్లగా ఉంటుంది. లేతగా ఉన్నప్పుడు మాత్రం రెండింటికీ తేడా పట్టడం కష్టం. చేదు గొడుగు విషం కాదు, దాన్ని తిని ఆసుపత్రి పాలైనవాళ్ళు లేరు. కాకపోతే ఒక్కటి పడిందంటే పెద్ద గిన్నెడు కూర కూడా నోట పెట్టలేం, కాలవలో పొయ్యడమే. అందుకే లేతవి వస్తే నాలుకగారు గోరంత ముక్క గిల్లి, కళ్ళు మూసుకుని, నాలుక చివర పెట్టుకుని, పది అంకెలు లెక్కపెట్టి, గిన్నెలో ఉమ్మి తీర్పు చెప్పేవారు. ఆ పది అంకెలూ వరసలో ఎవరూ దగ్గేవారు కాదు. ఆ నిశ్శబ్దమంటే ఆయనకి ప్రాణం. నిజానికి నాలుగంకెలు లెక్కపెడితే చాలని ఆయనకి తెలుసు, మిగతా ఆరూ జనం కోసం.

ఆ ఏడాది వానలు మొదలవకముందే ఆయనకి జలుబు చేసింది. రెండు రోజులు జ్వరం, మూడో రోజు తగ్గింది. నాలుగో రోజు పొద్దున పళ్ళు తోముకుంటూ ఉంటే టూత్‌పేస్టు సున్నంలా తగిలింది. పేస్టు పాతదైపోయిందనుకుని ఆ ట్యూబు పారేశారు. కొత్త ట్యూబూ సున్నమే.

షాపుకెళ్ళి, ఎవరూ లేనిది చూసి, చేదుకి పేరుపడ్డ ఒక జ్వరం మాత్ర నోట్లో వేసుకుని నమిలారు. సుద్దముక్కలా ఉంది. ఇంకోరకం తీసి నమిలారు, అదీ అంతే. పిల్లలు మొహం చిట్లించే మందులు, పెద్దవాళ్ళు ముక్కు మూసుకుని మింగే మందులు, ఒక్కొక్క చుక్క నాలుక మీద వేసుకుంటూ అలమరా ఈ చివర నుంచి ఆ చివర దాకా వెళ్ళారు. ముప్పై ఏళ్ళుగా మందులమ్ముతున్న మనిషి తన షాపులో మందుల రుచి చూడటం అదే మొదలు, అప్పుడు తెలిసిన రుచి కూడా ఏమీ లేదు.

జలుబు తర్వాత కొందరికి ఇలా అవుతుందని, కొన్ని వారాలో నెలలో ఆగితే తిరిగొస్తుందని ఆయనే ఎంతమందికో ధైర్యం చెప్పి పంపారు. తనదాకా వచ్చేసరికి ఆ ధైర్యం పని చెయ్యలేదు. ఎదురు వీధిలో డాక్టరున్నాడు, కానీ ఆ డాక్టరు ప్రతి ఆదివారం బుట్ట పట్టుకుని వరసలో నిలబడేవాడు. ఆయనకి చెప్పడం ఎలా? నాలుకగారికి నాలుక పోయిందంటే ఇంకేం మిగులుతుంది? గారు మిగులుతుంది. వారంలో వచ్చేస్తుందిలే అనుకుని నోరు మూసుకున్నారు.

ఇంట్లో నోరు మూసుకోవడం ఇంకా కష్టం. అక్కడ ఆయన నోటికి ముప్పై ఏళ్ళ ఉద్యోగముంది. ఆయన భార్య ఊళ్ళోని లైబ్రరీలో పనిచేసేది. ఆ హాల్లో ఆవిడ కళ్ళెత్తి చూస్తే కాలేజీ కుర్రాళ్ళు గుసగుసలు ఆపేసేవారు. ఇంట్లో మాత్రం ఆవిడ కంచంలో వడ్డించి, గరిటె చేతిలో పట్టుకునే నిలబడేది. ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, ఒక్క క్షణం ఆగి, తీర్పు చెప్పేవారు. "ఉప్పు ఒక చిటికెడు తగ్గింది." "పోపు ఒక్క క్షణం ఎక్కువసేపు ఉంచావు." "మొన్నటిది నయం." ఇవన్నీ సలహాలని ఆయన అనుకునేవారు. అంత గొప్ప నాలుక ఇంట్లో ఉన్నందుకు ఆవిడ అదృష్టవంతురాలని కూడా ఒకట్రెండుసార్లు అనుకున్నారు. ఈ మాట ఇప్పుడు తలుచుకుంటే ఆయనకే తన చెవి మెలిపెట్టుకోవాలనిపిస్తుంది.

నాలుక పోయాక ఏం చెప్పాలో తెలియక, దొరికిపోతానన్న భయంతో, ప్రతి పూటా మొదటి ముద్దకే "బాగుంది" అనడం మొదలుపెట్టారు. రెండు రోజులకే అది "చాలా బాగుంది" అయింది. ఆవిడ ఏమీ అనేది కాదు. కానీ వంటింట్లోంచి చిన్నగా కూనిరాగం వినిపించసాగింది. తన అబద్ధం ఎంత మంచి పని చేస్తోందో చూసి నాలుకగారు మురిసిపోయారు కూడా.

అలా మూడు వారాలు గడిచాయి, వానలు పడ్డాయి, సీజను మొదటి ఆదివారం రానే వచ్చింది. ఆ ఊళ్ళో అడవి నడక సంఘమని ఒకటుంది, ఇరవై రెండు మంది సభ్యులు. మొదటి ఆదివారం పొద్దున్నే అడవికెళ్ళి, ఏరుకొచ్చినవి నాలుకగారికి చూపించి, మధ్యాహ్నం బడి హాల్లో అందరూ కలిసి వండుకు తింటారు. ఆ ఏడు వంట బేకరీ ఆవిడది. పద్దెనిమిదేళ్ళుగా ఒంటిచేత్తో బేకరీ నడుపుతున్న మనిషి, నాలుకగారిని అన్నయ్యగారూ అని పిలుస్తుంది. ఆవిడ బుట్ట నిండా లేత గొడుగులు తెచ్చి బల్ల మీద పెట్టింది. అడుగున స్పాంజి ఇంకా తెల్లగానే ఉంది.

"చూడండి అన్నయ్యగారూ, ఎంత ముద్దుగా ఉన్నాయో! ఒక్కచోటే దొరికాయి, నరికిన చెట్ల దిమ్మల పక్కన."

నాలుకగారు భూతద్దం పెట్టి చూశారు. ఒకట్రెండు కాడల మీద వల కొంచెం ముదురుగా ఉందేమో అనిపించింది. మబ్బు పట్టి ఉంది, వెలుతురు తక్కువ. అక్కడ ఆయన ఒక్క మాట అనాల్సింది. 'ఇవాళ నాకు జలుబుగా ఉందమ్మా, వీటిని పక్కన పెట్టు' అంటే సరిపోయేది, ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. కానీ వరసలో ఇరవై మంది ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. చెయ్యి దానంతటదే గోరంత ముక్క గిల్లింది, కళ్ళు వాటంతటవే మూసుకున్నాయి. ఒకటి, రెండు, మూడు. సుద్ద. నాలుగు, ఐదు. సుద్దే. ఆ రోజు ఆయన పన్నెండు దాకా లెక్కపెట్టారు. ఉమ్మేసి, మూతి తుడుచుకుని, "బన్నే. నిశ్చింతగా వండుకోండి" అన్నారు.

మధ్యాహ్నం బడి హాల్లో పొడుగు బల్లల ముందు అందరూ కూర్చున్నారు. రొట్టె, పెద్ద గిన్నెలో పొగలు కక్కుతున్న కూర. పెద్దరికం కొద్దీ మొదటి వడ్డన నాలుకగారికే. ఆయన పెద్ద ముద్ద నోట్లో పెట్టుకుని, తలాడిస్తూ నమిలి, మింగారు. తర్వాత అందరూ తిన్నారు.

హాలు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. రిటైరైన స్టేషను మాస్టరు చెంచా నోట్లో పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. డ్రాయింగు టీచరు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. డాక్టరు గుటక వేసి, గ్లాసెత్తి, మంచినీళ్ళన్నీ తాగేశాడు. ఆ తర్వాత ఇరవై ఒక్క జతల కళ్ళు మెల్లగా నాలుకగారి వైపు తిరిగాయి. ఆ నిశ్శబ్దాన్ని ఆయన మెచ్చుకోలు అనుకున్నారు. మనిషికి అలవాటైపోయిన భ్రమ అంత తొందరగా వదలదు.

"అబ్బ, ఏం కుదిరిందమ్మా!" అన్నారు బేకరీ ఆవిడతో, తర్వాత అందరి వైపూ తిరిగారు. "నమిలాక చివర్లో కాస్త తీపి తగులుతోంది, చూశారా?"

"అవునవును," అన్నాడు స్టేషను మాస్టరు. "చివర్లో."

"సన్నగా తగులుతోంది," అంది డ్రాయింగు టీచరు, కళ్ళు తుడుచుకుంటూ.

"తీపే," అన్నాడు డాక్టరు, ఇంకో గ్లాసు నీళ్ళు పోసుకుంటూ.

నాలుకగారు మారు వడ్డించుకున్నారు. ఆయన మారు వడ్డించుకున్నాక మిగతావాళ్ళకి తప్పుతుందా? గొర్రెదాటు గొర్రెలకే అంటారు గానీ, చదువుకున్నవాళ్ళది చూస్తే గొర్రెలు సిగ్గుపడతాయి. ఇరవై రెండు మందీ గిన్నె ఖాళీ చేసి, మూతులు తుడుచుకుని, చాలా బాగుందని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుని ఇళ్ళకెళ్ళారు. నాలుకగారు చెప్పాక చేదెలా అవుతుంది? చేదుగా తగిలిందంటే చెడింది తన నోరే అని ఎవరికి వారే అనుకున్నారు.

సోమవారం పొద్దున షట్టరు తియ్యగానే స్టేషను మాస్టరు వచ్చాడు. ఇటూ అటూ చూసి గొంతు తగ్గించాడు.

"నోరు చేదుగా ఉంటే ఏమైనా మాత్ర ఉందా?"

"ఎప్పట్నుంచి?"

"నిన్న మధ్యాహ్నం నుంచి. ఈ సంగతి ఎవరికీ చెప్పకండేం."

నాలుకగారు విటమిన్ మాత్రలిచ్చి పంపారు. పది గంటలకి డ్రాయింగు టీచరు వచ్చింది. ఆవిడకీ నోరు చేదే, నిన్న మధ్యాహ్నం నుంచే. ఎవరికీ చెప్పొద్దంది. పదకొండింటికి వచ్చినాయన తన భార్యకి నోరు చేదన్నాడు. ఆయన అటు వెళ్ళాడో లేదో ఆయన భార్యే వచ్చి, తన భర్తకి నోరు చేదంది. పన్నెండింటికి స్వయానా డాక్టరే వచ్చి, తన పేరు మీద తానే రాసుకున్న చీటీ చేతిలో పెట్టాడు.

"లివరు కూడా ఒకసారి చూపించుకుందామనుకుంటున్నాను," అన్నాడు దిగులుగా. "నిన్నటి కూర మీకందరికీ తియ్యగా ఉంటే, నాకొక్కడికే..." అని ఆగిపోయాడు.

ఆయన వెళ్ళాక నాలుకగారు స్టూలు మీద కూలబడ్డారు. లేత గొడుగులు, ముదురు వల, మబ్బు వెలుతురు, పన్నెండంకెలు, అన్నీ ఒక్కొక్కటే కళ్ళ ముందుకొచ్చాయి. నిన్న ఆయన ఊరందరికీ చేదు గొడుగు కూర పెట్టించి, తాను రెండుసార్లు తిని, పైగా తీపి తగులుతోందని ఉపన్యాసం ఇచ్చారు. ఇవాళ ఆ చేదుకి ఆయనే మందమ్ముతున్నారు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అయినా చూడండి, ఆయనకి వచ్చిన మొదటి ఆలోచన నిజం చెప్పేద్దామని కాదు. రెండు రోజులు పోతే అందరూ మర్చిపోతారులే అన్నది. విషం కాదు కదా, ఎవరికీ ఏమీ కాలేదు కదా అని సర్దిచెప్పుకుని మధ్యాహ్నం ఇంటికెళ్ళి భోంచేసి, చాలా బాగుందని చెప్పి వచ్చారు.

సాయంత్రం ఐదింటికి బేకరీ ఆవిడ వచ్చింది. ఆ వేళప్పుడు ఆవిడ ఓవెన్ల దగ్గర ఉండాలి, షాపు దగ్గర కాదు. కళ్ళు వాచి ఉన్నాయి.

"అన్నయ్యగారూ, రుచి పోతే మళ్ళీ వస్తుందా?"

తన గుట్టు బయటపడిందేమోనని నాలుకగారు ఆవిడ మొహంలోకి చూశారు. "ఎందుకమ్మా?"

"నా నోరు పాడైపోయింది. నిన్న గిన్నె దించి చెంచాతో చూశాను, చేదు విషం. వడ్డించాలా పారబొయ్యాలా అని వణికిపోయాను. మీరు తిని చివర్లో తీపన్నారు. అందరూ అవునన్నారు. అంటే నాకే కదా తేడా చేసింది?"

"మరి ఇవాళ మిగతావి తింటే..."

"బాగానే ఉన్నాయి. కానీ బాగున్నాయని చెప్తున్నది ఈ నోరే కదా, దీన్నెలా నమ్మను? పిండి పులిసిందో లేదో నేను గడియారం చూసి చెప్పను, నోట్లో వేసుకుని చెప్తాను. పొద్దున నాలుగుసార్లు వేసుకున్నాను, నాలుగుసార్లూ నమ్మకం కుదర్లేదు. పిండంతా పారబోశాను. మా తోడికోడలు ఎప్పట్నుంచో బేకరీ తనకివ్వమంటోంది. రేపొద్దున తాళాలిచ్చేస్తానని చెప్పేశాను."

నాలుకగారు విటమిన్ డబ్బా తీశారు. అలవాటైన చెయ్యి కదా, పోయింది. ఆవిడ అందుకోవడానికి చెయ్యి చాపింది. మోచేతి దాకా పాత కాలిన మచ్చలు, పద్దెనిమిదేళ్ళ ఓవెను గుర్తులు. డబ్బా ఇద్దరి మధ్యా అలాగే ఆగిపోయింది.

"ఆ బుట్టలో ఒకటేదో చేదుది పడి ఉంటుందమ్మా," అన్నారు. అప్పటికీ మొత్తం చెప్పలేక, సగం నిజంతో గట్టెక్కుదామని చూశారు.

"మరి మీరు తీపన్నారుగా?"

ఇక దారి లేదు. కుడితిలో పడ్డ ఎలుకకైనా తొట్టి అంచుంటుంది, ఆయనకి అదీ లేదు.

"నాకు రుచి తెలీదమ్మా. నాలుక పోయి మూడు వారాలైంది. చెప్పడానికి సిగ్గేసి దాచాను. నీ నోరు బంగారం. నువ్వు చేదంటే అది చేదే. నా మూలాన నువ్వు..." అంటూ డబ్బా తిరిగి అలమరాలో పెట్టేశారు.

ఆవిడ చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మరి చివర్లో తగిలిన తీపి?"

"ఏమీ తగల్లేదు."

"రెండోసారి వడ్డించుకున్నారే?"

"మొదటిసారి ఏం తిన్నానో కూడా తెలీక."

ఆవిడ రోగులు కూర్చునే బెంచీ మీద కూర్చుండిపోయి నవ్వింది. పొట్ట పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారేలా నవ్వింది. ఆయన కూడా కాస్త నవ్వుదామని మొహం సిద్ధం చేసుకుంటుండగా నవ్వు ఠక్కున ఆపేసింది.

"నేను నిన్నంతా ఏడ్చాను, తెలుసా మీకు? పొద్దున పిండి పారబోస్తూ నా పని అయిపోయిందనుకున్నాను. మీకేమో సిగ్గు!" లేచి నిలబడింది. "ఇప్పుడే బోర్డు మీద రాయండి. నా కళ్ళముందు రాయండి. రాసేదాకా నేను కదల్ను."

షాపు బయట, స్టాకులో లేని మందుల పేర్లు రాసే నల్లబోర్డొకటుంది. నాలుకగారు సుద్దముక్క తీసుకున్నారు. మొదట 'సాంకేతిక కారణాల వల్ల' అని మొదలుపెట్టారు. వెనకనుంచి ఆవిడ గొంతు సవరించుకుంది. తుడిచేసి మళ్ళీ రాశారు.

'నాకు మూడు వారాలుగా రుచి తెలియడం లేదు. నిన్నటి కూర చేదే. మీ నాలుకలన్నీ బాగానే ఉన్నాయి. తీసుకెళ్ళిన మాత్రలు తిరిగి ఇచ్చెయ్యవచ్చు.'

ఆవిడ రెండుసార్లు చదివి, తాళాల గుత్తి బొడ్లో దోపుకుని, ఓవెన్లు వెలిగించడానికి వెళ్ళిపోయింది. అరగంటలో బోర్డు ముందు జనం పోగయ్యారు. తిడతారనుకున్నారు నాలుకగారు. తిట్టినా బాగుండేదేమో. స్టేషను మాస్టరు తనకి మొదటి చెంచాకే తెలిసిపోయిందన్నాడు. డాక్టరు, నాలుకగారి మొహం చూడగానే అనుమానం వచ్చిందన్నాడు. డ్రాయింగు టీచరు తాను తిననే లేదంది. చివరికి ఆ కూర తీపని నమ్మినవాడు ఊళ్ళో నాలుకగారొక్కరే అని తేలింది.

ఇంటికెళ్ళేసరికి భార్య వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. లైబ్రరీనుంచి వచ్చేదారి ఆ బోర్డు మీదుగానే.

"చదివాను," అంది.

"నీకు ముందే చెప్పాల్సింది."

"నాకు ముందే తెలుసు." ఆవిడ కంచం పెట్టి, వడ్డించి, ఎదురుగా కూర్చుంది. నిలబడలేదు. "నాలుగో రోజు కూరలో ఉప్పు వెయ్యడం మర్చిపోయాను. మీరు బాగుందన్నారు. ఐదో రోజు కావాలనే మానేశాను, బాగుందన్నారు. ఆరో రోజు ఉప్పు బదులు పంచదార వేశాను. చాలా బాగుందన్నారు."

నాలుకగారు కంచంలోని కూర వైపు చూశారు. "మరి చెప్పలేదేం?"

"మీరు చెప్తారేమోనని చూశాను. కనీసం ఆదివారం బల్ల వేసుకునే ముందైనా చెప్తారనుకున్నాను." ఆవిడ చెంగు కొస వేలికి చుట్టుకుంది. "ఇంకోటి కూడా ఉంది, అది నా తప్పు. పెళ్ళైనప్పట్నుంచి మీకు వడ్డించేటప్పుడు నాకు దడగా ఉండేది. ముప్పై ఏళ్ళు. ఈ మూడు వారాలే లేదు. ఆ హాయి ఇంకో నాలుగు రోజులు ఉంటే బాగుండునని ఊరుకున్నాను."

ఊరంతా చదివిన బోర్డు ముందు కూడా తగలనంత దెబ్బ నాలుకగారికి అక్కడ తగిలింది. ముప్పై ఏళ్ళు తాను సలహాలనుకున్నవి ఎదుటి మనిషికి ఎలా ఉండేవో ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. అడవి గొడుగుల్లో ఉన్న ఒక్క చేదుని పట్టుకోగలనని అంత గర్వపడ్డ మనిషి, రోజూ రెండు పూటలా తన బల్ల మీద తానే వడ్డిస్తున్న చేదుని కనిపెట్టలేకపోయారు. క్షమించమందామనుకున్నారు, ఆ మాట చాలా చిన్నదనిపించింది. అయినా అన్నారు. ఆవిడ తల ఊపింది.

"వచ్చే ఆదివారం నా పక్కన కూర్చుంటావా?" అని అడిగారు. "చూడ్డం నేను చూస్తాను. రుచి నువ్వు చెప్పు."

"గొడుగుల గురించి నాకేం తెలుసని?"

"ఏమీ తెలియక్కర్లేదు. ప్రమాదమైనవి నీదాకా రానివ్వను. చేదా కాదా, అంతే."

ఆదివారం బల్ల పక్కన రెండో కుర్చీ పడింది. స్టేషను మాస్టరు మొదటి బుట్ట తెచ్చాడు. నాలుకగారు కాడలు తిప్పి తిప్పి చూసి, వల తెల్లగానే ఉందని తేల్చుకుని, ఒకదాన్నుంచి గోరంత ముక్క గిల్లి భార్యకిచ్చారు. ఆవిడ కళ్ళు మూసుకోలేదు, అంకెలూ లెక్కపెట్టలేదు. నాలుక మీద పెట్టుకుని, మొహం చిట్లించి, ఉమ్మేసి, "చేదు" అంది.

"సరిగ్గా చూశావా?" అన్న మాట నాలుకగారి పెదవుల దాకా వచ్చింది. స్టేషను మాస్టరు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు.

"చేదట. పారెయ్యండి," అన్నారు నాలుకగారు.

ఆ సీజనంతా అలాగే జరిగింది. ఆవిడ లైబ్రరీ కుర్చీలో కూర్చున్నట్టే నిటారుగా కూర్చుని, ఒక్క ముక్కలో తేల్చేసేది. వరస కూడా తొందరగా కదిలేది. జనం నాలుకగారూ అని పిలిస్తే ఆవిడ తలెత్తి చూడటం మొదలుపెట్టింది. ఆయనకి మొదట కాస్త గుచ్చుకుంది, తర్వాత అలవాటైంది. ఇప్పుడాయన్ని భూతద్దంగారు అంటున్నారు. అంత బాగోలేదు ఆ పేరు.

వానలు వెనకబట్టిన వారానికి, ఒక మధ్యాహ్నం భోజనం దగ్గర, మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ఆయనకి ఏదో తగిలింది. సన్నగా, దూరంగా, కానీ తగిలింది. రెండో ముద్ద పెట్టుకున్నారు. సందేహం లేదు. నాలుగు నెలల తర్వాత నాలుక తిరిగొచ్చింది. వస్తూనే, దాని బుద్ధి ఎక్కడికి పోతుంది, కూరలో తప్పు కూడా పట్టుకొచ్చింది.

బాగుందనేస్తే పోతుందని ఒక మనసంది. ఆ అబద్ధం ఎక్కడిదాకా పోతుందో ఆయనకి ఇప్పటికే తెలుసు. ముద్ద మింగి, ఎదురుగా తింటున్న భార్య వైపు చూశారు.

"నాలుక వచ్చింది," అన్నారు.

ఆవిడ చెయ్యి కంచంలో ఆగిపోయింది. "ఏమంటోంది?"

ఎంత మెల్లగా చెప్పాలో అంత మెల్లగా చెప్పారు. "ఉప్పు కొద్దిగా ఎక్కువైందంటోంది."

ఆవిడ తన కంచంలోంచి కూర తీసి నోట్లో పెట్టుకుంది. తొందర లేకుండా నమిలింది.

"నాకు సరిపోయింది," అంది. "మీకెక్కువైతే మంచినీళ్ళు పక్కనే ఉన్నాయి, తాగండి."